నూటయాభై గ్రాముల అన్నం

మా ఆయన అక్కను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నా కూతురికి నాలుగేళ్ళు రాబోతున్నాయి. ఆవిడ ఇంట్లో నేను గడిపింది నాలుగు నెలలే. అయినా ఇప్పటికీ ఏ సూపర్ మార్కెట్లోనైనా కూరగాయలు తూచే మిషన్ దగ్గర నిలబడితే నాకు ఉన్నట్టుండి ఆకలేస్తుంది. అంత బాగా పెట్టింది మహాతల్లి తిండి.

మాది నెల్లూరు పక్క. మా ఆయన ఫుజైరా పోర్టులో ఓడలకు నూనె నింపే కంపెనీలో పనిచేస్తాడు. పన్నెండు గంటల డ్యూటీ. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆ ఊరు నాకు బాగానే ఉండేది. వెనక కొండలు, ముందు సముద్రం, సముద్రం మీద వంతు కోసం ఆగిన ఓడలు. మాట్లాడటానికి మన మనిషి ఒక్కరు దొరకరు, అదొక్కటే లోటు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా, ఏడో నెలలో అమ్మ దగ్గరికి పోవాలని చెన్నైకి టికెట్ కూడా తీశాం. నాకు ఐదో నెల నడుస్తుండగా కరోనా ముదిరి, ఇండియా నుంచి ఇక్కడికి విమానాలు ఆపేశారు. పోవచ్చు, కానీ తిరిగి ఎప్పుడు రానిస్తారో ఎవరూ చెప్పలేరు. అమ్మ ఇక్కడికి రావడం అసలే కుదరదు. ఒకరోజు వంటింట్లో కళ్ళు తిరిగి కూలబడ్డాను. అంతే, మా ఆయన నా బట్టలు సర్ది షార్జాలో అక్క ఇంట్లో దించేసి వెళ్ళాడు. అక్క దగ్గరుంటే తనకు నిశ్చింత అన్నాడు. ఆయన నిశ్చింతకు నేను కట్టిన మూల్యం ఆయనకు ఈనాటికీ తెలియదు.

వదిన భర్తతో కలిసి అప్పటికే పద్దెనిమిదేళ్ళుగా షార్జాలో ఉంది. ఏడో అంతస్తు ఫ్లాట్‌లో వంట చేసి, అల్ వర్సాన్ లేబర్ క్యాంపుల్లో ఉండే మన వైపు కుర్రాళ్ళకు డబ్బాలు పంపేది. తెల్లవారకముందే తొంభై డబ్బాలు కట్టాలి. డబ్బాకు నాలుగు వందల గ్రాముల అన్నం, నూటయాభై పప్పు, వంద కూర. ఒకడి డబ్బాలో గరిటెడు తగ్గితే క్యాంపులో గొడవలట, అందుకని ప్రతిదీ కాంటా మీదే. వేలెడంత తెరలో అంకె ఆగేదాకా ఆవిడ గరిటె కదలదు. ఆ కాంటా మీద ఉన్న నమ్మకం ఆవిడకు కన్నవాళ్ళ మీద కూడా లేదు.

వెళ్ళిన మొదటి వారంలోనే ఆవిడ తన కాన్పు సంగతి చెప్పింది. ఆ రోజుల్లో అందరూ ఇద్దరి తిండి తినమన్నారట. తిన్నదట. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగర్ ఒకటుంటుందని ఆవిడకు తెలియదు, అడిగిన వాళ్ళూ లేరు. బిడ్డ నాలుగు కిలోల మూడు వందలు. తల బయటికి వచ్చి భుజం ఇరుక్కుంది. లాగారు. ఆ లాగడంలో మెడ దగ్గర నరం దెబ్బతిని, ఆ పిల్ల కుడిచెయ్యి ఈనాటికీ భుజం దాటి పైకి లేవదు. అప్పటికి ఆ పిల్ల ఇండియాలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, జడ వేసుకోవాలంటే ఇంకొకరు కావాలి. ఇది విని నేను రెండు రోజులు జాలిపడ్డాను. మూడో రోజుకు ఆకలి జాలిని మింగేసింది.

ఎందుకంటే వదిన నా అన్నం కూడా తూచేది. పూటకు నూటయాభై గ్రాములు. నెయ్యి లేదు, పాలు లేవు, మామిడిపండ్ల కాలంలో ముక్క మామిడిపండు లేదు. ఇంకొంచెం పెట్టమని నోరు తెరిచి అడిగితే, ఇక చాలు అనడానికి అరబ్బీ ముక్క ఒకటి విసిరేది.

"ఖలాస్. బిడ్డను కడుపులో పెంచబాక మేయ్, చేతుల్లో పెంచుకో."

ఆవిడ ఇంట్లో ఊరికి పోయేటప్పుడు బ్యాగులు తూచుకునే మిషన్ ఒకటి ఉండేది. ఆ ఏడాది ఎవరూ ఎక్కడికీ పోయేది లేదు కాబట్టి దానికి నేనే బ్యాగును. ప్రతి శుక్రవారం స్నానం కాగానే దాని మీద నిలబెట్టి, క్యాలెండర్ మీద అంకె వేసేది. వచ్చినప్పుడు అరవై మూడు. తర్వాతి వారం అరవై నాలుగున్నర. ఆ తర్వాత అరవై ఆరు. అంకె పెరిగిన ప్రతిసారీ నేనేదో దొంగతనం చేసినట్టు నా మొహంలోకి చూసేది. తొంభై మంది మగాళ్ళకు కడుపునిండా పెట్టే ఇంట్లో కడుపుతో ఉన్నదాన్ని నేను ఆకలితో పడుకున్నాను. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుండేది నా బతుకు.

ఇక నా థైరాయిడ్ సంగతి. ఫుజైరాలో ఉండగా, కడుపు రెండో నెలలోనే బయటపడింది. షార్జాలో చూపించిన డాక్టరమ్మ కరాచీ మనిషి, ఉర్దూలో మాట్లాడేది. నా హిందీ అంతంత మాత్రం. ఆస్పత్రిలో తోడుగా ఒక్క మనిషినే రానిచ్చే రోజులు. మా ఆయన ఫుజైరాలో డ్యూటీ వదిలి రాలేడు. అందుకని ప్రతిసారీ వదినే పక్కన కూర్చుని ఆమె మాట నాకు, నా మాట ఆమెకు చేరవేసేది. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. గొంతు దగ్గరుండే గ్రంథి నాకు సరిగా పనిచేయడం లేదు, అది చేసే హార్మోను తక్కువైంది. కడుపులో బిడ్డకు కూడా మొదట్లో అమ్మ హార్మోనే ఆధారం. అందుకని రోజూ తెల్లారి పరగడుపున ఒక మాత్ర, ఉత్త నీళ్ళతో. గంటసేపు ఇంకేమీ ముట్టకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలు మధ్యాహ్నం భోజనం తర్వాతే. వదిన తెలుగులో మళ్ళీ చెప్పింది, తప్పు లేకుండా చెప్పింది. నాకు బాగానే అర్థమైంది. అర్థం కాలేదని తప్పించుకునే దారి కూడా నాకు లేదు.

కానీ అమ్మ ఉందిగా. రోజూ తెల్లారి వీడియో కాల్‌లో వచ్చేది. దగ్గరుండి కాన్పు చెయ్యలేకపోతున్నానని ఆమెకొక బాధ, ఆ బాధంతా ఫోన్లోంచి నా మీద కుమ్మరించేది. వట్టి కడుపున మాత్ర వేసుకుంటే లోపలి బిడ్డకు వేడి చేస్తుందని ఆమె నమ్మకం. ముందు గోరువెచ్చటి పాలు తాగు, పాలలో కుంకుమపువ్వు వేసుకో, బిడ్డ పచ్చగా పుడుతుంది అనేది. కుంకుమపువ్వుకు ఇక్కడ కొదవ లేదు, మంచి ఇరానీ సరుకు చిన్న డబ్బీల్లో ప్రతి కొట్టులో దొరుకుతుంది. మాత్రలన్నీ తన కళ్ళ ముందే వేసుకోమనేది. కూతురు మందులు మింగడం చూస్తే తప్ప ఆమెకు కాఫీ దిగదు.

వదిన డబ్బాల సంచులు లిఫ్టులో దించి, కింద వ్యాను డ్రైవర్‌కు లెక్క ఒప్పజెప్పి రావడానికి ఇరవై నిమిషాలు పట్టేది. తలుపు మూసుకున్న చప్పుడు వినగానే నేను వంటింట్లోకి పోయేదాన్ని. ఫ్రిజ్‌లో పాల బాటిల్ తీసి పెద్ద గ్లాసుడు వెచ్చబెట్టి, కుంకుమపువ్వు వేసి, ఫోన్ చక్కెర డబ్బాకు ఆనించి, అమ్మ చూస్తుండగా థైరాయిడ్ మాత్ర, కాల్షియం, ఐరన్, అన్నీ ఒకే గుక్కలో మింగేదాన్ని. గ్లాసు కడిగి బోర్లించి, వదిన తిరిగి వచ్చేసరికి దుప్పటి కప్పుకుని పడుకునేదాన్ని. పాలే కదా, విషమా? డాక్టర్లు వంద చెప్తారు. అదీగాక, నిజం చెప్పాలంటే, ఆ గ్లాసు నాకు ఆకలి తీర్చిన దానికంటే కచ్చ తీర్చింది ఎక్కువ. నీ కాంటాకు చిక్కని తిండి నేను తింటున్నాను చూడవే అని ప్రతి గుటకలో అనుకునేదాన్ని. రోజంతటిలో నేను సంతోషంగా ఉన్న ఇరవై నిమిషాలు అవే.

ఏడో నెలకు నా ఒళ్ళు నాది కాకుండా పోయింది. మొహం ఉబ్బింది, ఉంగరం వేలికి బిగిసింది, గొంతు మగగొంతైంది. కూర్చున్నచోటే నిద్ర. శుక్రవారం మిషన్ డెబ్బై నాలుగు చూపించింది. నూటయాభై గ్రాములు తినే మనిషి వారానికి కిలోన్నర ఎట్లా పెరుగుతుందో వదినకు అంతుపట్టలేదు, నూట ఇరవైకి తగ్గించింది. రక్తపరీక్షలో థైరాయిడ్ అంకె తగ్గాల్సింది పోయి ఎగబాకింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, మాత్ర ఎలా వేసుకుంటున్నావని అడిగింది. వదిన దాన్ని తెలుగు చేసేలోపే, నీళ్ళతో అని నేనే హిందీలో చెప్పేశాను.

"పానీ సే."

ఇంకేం చెప్పను? పక్కనే ఆవిడ కూర్చుని ఉంది. పాలతో అన్నానంటే దొంగ దొరికిపోతుంది. డాక్టరమ్మ మాత్ర పవర్ పెంచింది. నెలకు మళ్ళీ పరీక్ష, మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ అదే అబద్ధం, మళ్ళీ పెంచింది. రెండోసారి పెంచినప్పుడు తప్పు చేస్తున్నానని తోచింది, అయినా మాట మార్చలేదు. ఆ నాలుగు నెలల్లో వదిన ముందు తలవంచకపోవడం ఒక్కటే నాకు పెద్ద పనిగా కనబడింది.

ఎనిమిదో నెల స్కానింగ్‌లో తేలింది. నేను డెబ్బై తొమ్మిది కిలోలు. లోపల బిడ్డ మాత్రం ఉండాల్సిన దానికంటే నాలుగు వారాలు వెనకబడి ఉంది. పైన పటారం, లోన లొటారం. డాక్టరమ్మ నా తిండి గురించి అడిగింది, వదిన గ్రాములతో సహా చెప్పింది, గర్వంగానే చెప్పింది. డాక్టరమ్మ ఆవిడను కడిగేసింది. ఆ ఉర్దూ నాకు సగం అర్థం కాకపోయినా చెవులకు హాయిగా ఉంది. ఆ మధ్యాహ్నం వదిన కాంటా తీయలేదు. పళ్ళెం నిండా అన్నం పెట్టి, ముద్దపప్పు మీద చెంచాలు లెక్కపెట్టకుండా నెయ్యి వేసి, ఎదురుగా కూర్చుంది. ఇప్పుడు గుర్తొచ్చిందా అనుకుంటూ నేను తిన్నాను.

రెండు వారాలు తిరక్కుండానే ఒక పొద్దున బిడ్డ కదలికలు తగ్గాయి. ఆస్పత్రికి పోయిన మూడు గంటల్లో కోసి తీశారు. ఆడపిల్ల. ఒక కిలో ఎనిమిది వందల నలభై గ్రాములు. నాకు చూపించీ చూపించకుండానే తీసుకుపోయి గాజుపెట్టెలో పెట్టారు. తర్వాత చక్రాల కుర్చీలో తీసుకుపోయి చూపించారు. నా అరచెయ్యి అడ్డం పెడితే దాని వీపు కనిపించదు. ముక్కులో గొట్టం, చర్మం వదులుగా, వేలెడు తొడలు. బతుకుతుందా అని అడిగాను. నర్సు దేవుడి వైపు చెయ్యి చూపించింది. అంతలావు ఒంటితో నేను, వేలెడు తొడలతో అది. నా ఒంటి మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ ఒక్కతే వచ్చింది. మంచం మీద కూర్చుని, చిన్నపిల్లను అడిగినట్టు, కోప్పడనని చెప్పి, మాత్ర ఎలా వేసుకునేదానివని మళ్ళీ అడిగింది. వదిన లేదు, మా ఆయన కింద క్యాంటీన్‌లో ఉన్నాడు. నాకొచ్చిన ముక్కల హిందీలో చెప్పాను. పాలు. కాల్షియం. ఐరన్. అన్నీ ఒకేసారి. ఆమె నెమ్మదిగా చెప్పింది. పాలూ కాల్షియమూ ఐరనూ కలిస్తే ఆ మాత్ర ఒంటికి సరిగా పట్టదు, అన్ని నెలలూ అందులో చాలామటుకు వృథాగా పోయి ఉంటుంది. బిడ్డ బరువు తగ్గడానికి అదొక్కటే కారణమని తాను చెప్పలేనంది. తిండి ఉంది, ఇంకా ఎన్నో ఉన్నాయి, ఎవరూ చెప్పలేరంది. నాకు ఆ చివరి మాటలు వినబడలేదు. అన్ని నెలలు అన్నదే వినబడింది.

ఆ సాయంత్రం మా ఆయన గాజుపెట్టె దగ్గర్నుంచి వచ్చి, ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళతో, అక్క నీకు పూటకు ఎంత పెట్టేది అని అడిగాడు.

"నూటయాభై గ్రాములు. ఏడో నెల నుంచి నూట ఇరవై," అన్నాను.

నిజమే కదా. అందులో అబద్ధం ఒక్క గ్రాము లేదు. ఆయన అగ్గి మీద గుగ్గిలంలా లేచి బయటికి పోయాడు. వదిన వరండాలోనే ఉంది, నాకు పథ్యం కూర తెచ్చింది. ఆయన మాటలు తలుపు మూసినా వినబడ్డాయి. నీ కూతురి చెయ్యి పోయిందని నా కూతురి ప్రాణం తీస్తావా అన్నాడు. అంత మాట అనాల్సింది కాదు. నేను కుట్లు పట్టుకుని లేచి వెళ్ళి ఆపాల్సింది. గోడ వైపు తిరిగి పడుకున్నాను.

పదిహేడు రోజులు ఆ గాజుపెట్టె చుట్టూ తిరిగాం. రోజూ పొద్దున నర్సు దాన్ని తూచి కాగితం మీద రాసేది. మొదట ఎనభై గ్రాములు తగ్గింది. ఆ రోజు నేను చచ్చిపోతే బాగుండనుకున్నాను. తర్వాత ఇరవై, పదిహేను, ముప్పై, అలా పాకింది. అంకె కోసం నర్సు మొహం చూస్తూ నిలబడేదాన్ని. వదిన రోజూ వచ్చేది. లోపలికి రావద్దని తమ్ముడు అన్నాడు కాబట్టి, క్యారియర్ సెక్యూరిటీ వాడి దగ్గర పెట్టి వెళ్ళిపోయేది. క్యారియర్ నిండా అన్నం ఉండేది. తిన్నాను, పాలు పడాలి కదా. మాత్ర మాత్రం ఉత్త నీళ్ళతో వేసుకున్నాను. నెలన్నరలో థైరాయిడ్ అంకె దిగివచ్చింది, ఉబ్బు కరిగింది. అమ్మకు ఇదేమీ చెప్పలేదు. చెబితే ఆమె ప్రాణం నిలవదు. పాలు తాగబట్టే బిడ్డ బతికిందని ఆమె ఇప్పటికీ పదిమందితో చెప్పుకుంటుంది.

మేం ఫుజైరా వచ్చేశాం. మా ఆయన మళ్ళీ అక్క గడప తొక్కలేదు, ఫోను ఎత్తలేదు. మధ్యలో వదిన వాళ్ళ ఆయన సర్దిచెప్పబోతే ఆయన్నూ తిట్టాడు. నేను ఏ రోజూ ఒక్క మాట అడ్డం వేయలేదు. అడ్డం వేయాలంటే ఆ పాలగ్లాసు గురించి చెప్పాలి. పైగా ఆకలితో పడుకున్న రాత్రులు నేను మరిచిపోలేదు, మరవను కూడా.

పోయిన చలికాలంలో వదిన వంట మానేసి, ఇల్లు ఖాళీ చేసి, ఇండియాకు శాశ్వతంగా పోతున్నట్టు తెలిసింది. ఒక మధ్యాహ్నం, మా ఆయన డ్యూటీలో ఉన్న వేళ చూసుకుని, తలుపు కొట్టింది. జుట్టు నెరిసింది, చిక్కిపోయింది. లోపలికి రమ్మనక తప్పింది కాదు. నా కూతురు ఈడు పిల్లలకంటే చిన్నగా ఉంటుంది కానీ గడుగ్గాయి, కొత్త మనిషిని చూడగానే వెళ్ళి ఒళ్ళో ఎక్కి కూర్చుంది. వదిన దాన్ని రెండు చేతులతో ఎత్తి దించి, పదమూడు కిలోలుంటాది అంది. ఉన్నది పదమూడే. నాకు మండింది.

టీ ఇచ్చాను. తాగుతూ తాగుతూ, నా వైపు చూడకుండా అంది.

"ఫ్రిజ్‌లో పాలు పోతుండేది నాకు తెలవదనుకున్నావా మేయ్? గ్రాముల్లెక్కన బతికినదాన్ని. ఆకలికి తాగుతుండాది, తాగనీలే పాపం అని నీకోసమే రోజూ ఇంకో బాటిల్ తెచ్చి పెట్టినా. తమ్ముడు ఎన్ని తిట్టినా అదొక్కటే నాకు ఊరట. ఆ పాలన్నా పడబట్టి బిడ్డ ఆ మాత్రమన్నా పుట్టింది."

నేను గెలిచానని మురిసిన ప్రతి పొద్దూ ఆవిడ తెలిసి వదిలేసిన పొద్దేనట. నేను దొంగిలించాననుకున్నది ఆవిడ పెట్టిన ముష్టి అట. ఆ కోపంలోనే నోరు జారింది, మంచితనంతో కాదు. ఆ పాలే చెడగొట్టింది వదినా, అన్నాను. మొదలుపెట్టాక ఆగలేకపోయాను. మాత్రలు, అమ్మ, పానీ సే అన్న అబద్ధం, డాక్టరమ్మ చెప్పింది, ఆ సాయంత్రం నాకు తెలిసి కూడా నేను నోరు మూసుకుంది, అన్నీ చెప్పాను. ఆవిడ తిడుతుందని ఎదురుచూశాను. తిట్టాలనే కోరుకున్నాను. మూడేళ్ళకు పైగా తమ్ముడిని పోగొట్టుకున్న మనిషి, నా జుట్టు పట్టుకుని వంగదీసినా నేను ఏమీ అనేదాన్ని కాదు.

ఆవిడ నా కూతురి వేళ్ళు తన గుప్పిట్లోకి తీసుకుని అడిగింది.

"తమ్ముడికి తెలుసునా?"

"తెలియదు."

"చెప్పబాక. నేను అక్కను గాబట్టి తిట్టి ఊరుకున్నాడు. నువ్వు వాడితో కాపురం చెయ్యాల."

అని లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ ఒక్క మాటకు నేను ఆవిడను క్షమించలేదు. తిండి పెట్టకపోతే ద్వేషించాను, అది తేలిక. ఇది మొయ్యలేకుండా ఉన్నాను.

ఆవిడ విమానం ఎక్కే రోజు వదిన వాళ్ళ ఆయన ఫోన్ చేశాడు, ఒక్కసారి వచ్చి కనబడమని. మా ఆయన పోలేదు. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, నా బిడ్డను కడుపులోనే ఎండగట్టిన మనిషిని నేనెందుకు చూడాలి, నువ్వే చెప్పు అన్నాడు. నేను ఊ కొట్టాను.